పొలపు అంచు ఎవరిది?

లేవీయకాండము 19వ అధ్యాయములో పంట కోయువానికి ఒక ఆజ్ఞ కలదు. పొలపు అంచులను పూర్తిగా కోయరాదు, పరిగె యేరుకొనరాదు, వాటిని బీదలకును పరదేశులకును విడువవలెను. రూతు బోయజు పొలములో పరిగె యేరుకొనినది ఈ కట్టడను బట్టియే. యజమానుడు ధాన్యమును కొలిచి భిక్షగా పెట్టవలెనని ఇచ్చట చెప్పబడలేదు. బీదవాడే లోనికి వచ్చి, తన చేతులతో కూర్చుకొని, తల యెత్తుకొని ఇంటికి పోవలెను. ఆ అంచు పొరుగువాని హక్కు.

పట్టణ సంఘమునకు పొలమెక్కడిదని కొందరడుగవచ్చును. పుదుచ్చేరినే చూడుడి. ఒక ప్రక్క సముద్రము, నడుమ కాలువ, దానికి ఇరువైపుల తిన్నగా సాగిన వీధులు. కూరగాయలు వెలుపలి పొలములనుండి గూబేర్ మార్కెట్టునకు రావలెను. కూలి దొరకని దినమున ఇంట బియ్యమున్నను, ఆకుకూర కొనుటకు తల్లి చేయి వెనుకాడును. కడుపు నిండినను దేహము క్షీణించును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఈ దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కలదు.

అట్టి వీధిలో ఆలయ ఆవరణమే సంఘమునకు పొలపు అంచు. గోడ వారగా మునగ, అవిసె, మడులలో తోటకూర, బచ్చలి, నీరు పారుచోట అరటి, బొప్పాయి, ఒక నిమ్మచెట్టు. ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టుటకు నిమ్మరసము తోడ్పడును. ఇసుక నేలయని వెనుదీయనక్కరలేదు. ఎండుటాకులు, పేడ కలిపి మాగబెట్టిన ఎరువు ఇసుకలో తడిని నిలుపును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము తెచ్చు వాననీటిని ఆలయపు కప్పునుండి తొట్టిలోనికి మళ్లింపవచ్చును.

తోట వేయుటకంటె కఠినమైన ప్రశ్న వేరొకటి కలదు. ఆ పంట ఎవరికి? ఆరాధనకు వచ్చువారికి మాత్రమేనా? తెలుగు సంఘ చరిత్రలో దీనికి జవాబు దొరకును. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. ఆ కాలువ దక్షిణపు కొస పుదుచ్చేరికి ఉత్తరమున మరక్కాణము దాపుననే యున్నది. ఆ కరవు దినములలో బాప్తిస్మము కోరినవారిని ఆయన వేచియుండుమనెను. సహాయపు పని ముగిసిన పిమ్మట, 1878 జూలై 3న, 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను స్మరించువారు పెక్కుమంది. దానికి ముందు మూయబడియుండిన తలుపును స్మరించువారు కొద్దిమంది.

అన్నమునకు విశ్వాసమును వెలగా అడిగినచో అన్నము ఎర యగును, విశ్వాసము సరకగును. శక్తిగలవానిని నీరు పోయుమని, కలుపు తీయుమని అడుగుట న్యాయమే. అందువలన అతని గౌరవము నిలుచును. వాని హృదయమును మాత్రము అడుగరాదు. ప్రభువు స్వస్థపరచిన పదిమంది కుష్ఠరోగులలో ఒక్కడే తిరిగి వచ్చెను. తక్కిన తొమ్మండుగురి స్వస్థత వెనుకకు తీసికొనబడెనని సువార్తలో ఎచ్చటను లేదు.

కావున తోట నాటదలచిన సంఘము విత్తనములకంటె ముందుగా ద్వారమును గూర్చి ఆలోచింపవలెను. అది ఆలయములోనుండి మాత్రమే తెరచుకొనునా, వీధినుండియు తెరచుకొనునా? పొలపు అంచు ఎవరిదని ఆ సంఘము నమ్మినదో ఆ ద్వారమే చెప్పును.