వకీలు ఫీజు: కూలియా? వాటాయా?

తెలుగువారు రోజూ వాడే మాటల్లో 'వకాల్తా' ఒకటి. ఎవరైనా మరొకరి పక్షాన మాట్లాడితే 'వాడి తరఫున నువ్వెందుకు వకాల్తా పుచ్చుకుంటావు?' అని అడుగుతాం. ఈ మాట అరబీలోని 'వకాలత్' నుంచి వచ్చింది. ఒక మనిషి తన పనిని నమ్మకంతో మరో మనిషికి అప్పగించడమే వకాలత్. ఆ నమ్మకాన్ని మోసేవాడు వకీల్. అల్లాహ్ శుభనామాల్లో 'అల్ వకీల్' కూడా ఒకటి. దాసులు తమ సమస్త వ్యవహారాలనూ అప్పగించదగినవాడు ఆయనే అని దాని భావం. ఇంతటి బరువైన మాటను మనం కోర్టు కాగితం మీద ఒక్క సంతకంతో ముగించేస్తున్నాం.

రాజమండ్రి, ఏలూరు, కాకినాడ, భీమవరం, అమలాపురం కోర్టు ఆవరణల్లో ఏ వాయిదా రోజున చూసినా చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లులు, చేతిలో ఫైలుతో నిలబడ్డ అన్నలు, తండ్రులు కనిపిస్తారు. వారిలో మన కుటుంబాలవారూ ఉంటారు. మనోవర్తి, మహర్, పెళ్లినాటి సామాను, పిల్లల సంరక్షణ... కారణం ఏదైనా, ఇంటికి తిరిగి వచ్చాక వారి నోట వినిపించే ఫిర్యాదులు దాదాపు ఒకే తీరున ఉంటాయి. మొదట ఒక మొత్తం చెప్పారు, తర్వాత వాయిదా వాయిదాకూ ఇంతన్నారు. టైపుకు, గుమాస్తాకు, నకళ్లకు వేరే అడిగారు. ఇచ్చిన డబ్బుకు రసీదు లేదు. వకీలును మార్చుకుందామంటే కాగితాలు తిరిగి రావడం లేదు.

ఇలాంటివి విన్నప్పుడు మనం కోపగించుకుని ఊరుకుంటాం. కాని ఇందులో ఆలోచించవలసిన నైతిక ప్రశ్న ఒకటి ఉంది. విరిగిపోతున్న సంసారం మీద తీసుకునే ఫీజు కష్టానికి కూలియా, లేక ఇతరుల కష్టంలో వాటాయా? అది ఎక్కడివరకు ధర్మసమ్మతం, ఎక్కడ నిషిద్ధం?

కూలి తీసుకోవడం పాపం కాదు

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. 'లాయర్లంతా తగాదాల మీద బతికేవాళ్లే' అని మనలో కొందరు తేలికగా అనేస్తుంటారు. ఇది అన్యాయమైన మాట. హజ్రత్ అలీ (రజి) వ్యాజ్యాలకు స్వయంగా హాజరవడం ఇష్టపడక తన సోదరుడు అఖీల్ (రజి)ను, ఆయన వృద్ధులైన తర్వాత అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి)ను ప్రతినిధిగా నియమించేవారని ధర్మశాస్త్ర గ్రంథాలు చెబుతున్నాయి. వ్యాజ్యంలో ప్రతినిధిని పెట్టుకోవడం ధర్మసమ్మతమని చెప్పడానికి ధర్మవేత్తలు దీన్ని ఆధారంగా చూపారు. పని ఏమిటో, ప్రతిఫలం ఎంతో ఇద్దరికీ తెలిసి ఉంటే ఆ ప్రతిఫలం కూడా ధర్మసమ్మతమేనన్నారు.

కాగితాలు చదవడం, దరఖాస్తు తయారు చేయడం, కేసు పిలిచేదాకా గంటల తరబడి వేచి ఉండడం, ఇదంతా శ్రమే. శ్రామికుడి చెమట ఆరకముందే కూలి ఇచ్చేయమన్న దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బోధ పొలంలో పనిచేసేవాడికి ఎంత వర్తిస్తుందో నల్లకోటు వేసుకున్నవాడికీ అంతే వర్తిస్తుంది. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడికి ప్రళయదినాన తానే ప్రతివాదినవుతానని అల్లాహ్ హెచ్చరించినట్లు ప్రామాణిక హదీసు తెలుపుతోంది. కేసు గెలిచాక వకీలు గారి ముఖం చాటేసేవారు ఈ హెచ్చరిక గుర్తుంచుకోవాలి.

తప్పు ఎక్కడ మొదలవుతుంది?

మొదటిది, దాపరికం. కోనసీమలో కొబ్బరి దింపుకు వచ్చే కార్మికుడు చెట్టు ఎక్కకముందే చెట్టుకు ఎంతో చెబుతాడు. నాట్లకు వచ్చే కూలీలు మడిలో దిగకముందే కూలి మాట్లాడుకుంటారు. చదువులేనివారు పాటించే ఈ మర్యాదను చదువుకున్న వృత్తి ఎందుకు పాటించకూడదు? కేసు ఎన్నాళ్లు నడుస్తుందో ముందే తెలియదు కదా అని వకీళ్లు అంటారు. అది నిజమే. కాని తెలియనిదాన్ని తెలియదనే చెప్పవచ్చు. దరఖాస్తుకు ఇంత, మధ్యంతర భరణం దాకా ఇంత, సాక్ష్యం దశకు ఇంత, అప్పీలుకు వెళితే మళ్లీ మాట్లాడుకుందాం అని దశలవారీగా విడదీసి చెప్పడం అసాధ్యమేమీ కాదు. ఫీజు పెద్దదైనంత మాత్రాన నిషిద్ధం కాదు. చెప్పకుండా దాచి, కక్షిదారు వెనక్కి వెళ్లలేని స్థితికి చేరాక అడగడమే దాన్ని కలుషితం చేస్తుంది. పరస్పర అంగీకారం లేకుండా ఒకరి సొమ్ము ఒకరు తినరాదన్న దివ్యఖుర్ఆన్ ఆజ్ఞ దీనికీ వర్తిస్తుంది.

రెండవది, వాటా. 'గెలిచినదాంట్లో నూటికి ఇంత' అనే ఒప్పందం మన దేశంలో న్యాయవాదులకు నిషిద్ధం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు దీన్ని స్పష్టంగా కాదంటున్నాయి. తెలంగాణ నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు ఇందుకు పెద్ద గుణపాఠం. భర్తను 1998లో రోడ్డు ప్రమాదంలో పోగొట్టుకున్న ఒక స్త్రీ నష్టపరిహారం కోసం వకీలును పెట్టుకున్నారు. పది లక్షల రూపాయలు ఫీజుగా చెల్లించిన తర్వాత కూడా మరో మూడు లక్షలకు తన చేత బలవంతంగా చెక్కు మీద సంతకం చేయించుకున్నారని ఆమె వాదన. ఆ చెక్కు చెల్లకపోవడంతో ఆమెపైనే క్రిమినల్ కేసు నడిచింది. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టివేసింది. వ్యాజ్యంలో వచ్చిన సొమ్ములో వాటాగా ఫీజు అడగడం ప్రజాహితానికి విరుద్ధమని తీర్పు చెప్పింది.

చేతిలో పైసా లేని పేదరాలికి వాటా పద్ధతే దిక్కు కదా అని ఎవరైనా అడగవచ్చు. అమెరికాలో ప్రమాద పరిహారం కేసుల్లో ఈ పద్ధతి చెల్లుతుంది కూడా. అయితే అక్కడి న్యాయవాదుల సంఘం ఆదర్శ నియమాలు విడాకులు, భరణం కేసుల్లో మాత్రం దీన్ని నిషేధించాయి. కారణం ఆలోచిస్తే మన మనస్సుకూ తడుతుంది. భార్యాభర్తలు విడిపోతేనే వకీలుకు సొమ్ము ముట్టేటట్లయితే, వారు కలిసిపోవడం ఆయనకు నష్టమవుతుంది. సంధి కుదర్చవలసిన నోరు సంధికి అడ్డుపడుతుంది. పైగా మనోవర్తి అంటే లాభం కాదు, పిల్లల నోటికి అందవలసిన ముద్ద. అందులో వాటా అడిగేవాడు ఎవరి కంచంలో చెయ్యి పెడుతున్నాడో ఆలోచించుకోవాలి.

మూడవది, జాప్యం. వాయిదాకు ఇంత అని డబ్బు ముట్టేచోట ఆలస్యమే ఆదాయమవుతుంది. ప్రతి వాయిదాకూ వకీలే కారణమనడం న్యాయం కాదు. జడ్జి పోస్టు ఖాళీగా ఉండవచ్చు, అవతలి పక్షం నోటీసు తీసుకోకుండా తప్పించుకోవచ్చు. కాని తానే అనవసరంగా వాయిదా కోరి, దానికీ ఫీజు పుచ్చుకుంటే అది చేయని పనికి కూలి తీసుకోవడమే.

కక్షిదారుని బాధ్యత

ఇంతవరకు వకీలు గురించి చెప్పుకున్నాం. ఇక అద్దం మన వైపు తిప్పుకోవాలి. 'ఎంత ఖర్చయినా సరే, అవతలివాళ్లు కోర్టు చుట్టూ తిరగాలి' అని వకీలు ముందు కూర్చుని చెప్పేది ఎవరు? నెలకు అయిదువేలు మనోవర్తి ఇవ్వలేనని చెప్పి, అది ఎగ్గొట్టడానికి అంతకు మించి ఫీజులు పోసే భర్తలు లేరా? ఆ సొమ్ము బిడ్డ బడి ఫీజుకు వెళితే దానం కన్నా మిన్నగా ఉండేది. అలాగే ఒక నిజమైన ఫిర్యాదుకు నాలుగు లేనిపోని ఆరోపణలు జోడించి అత్తింటివారినందరినీ ఇరికించమని కోరే కుటుంబాలు లేవా? పగ తీర్చుకోవడానికి వకీలును కత్తిలా వాడుకునేవాడు ఆ కత్తి ఖరీదు ఎక్కువైందని వాపోవడంలో అర్థం లేదు.

దైవప్రవక్త (సఅసం) ఈ విషయంలో చేసిన హెచ్చరిక గుండెలు అదిరేలా ఉంటుంది. తానూ మానవుణ్ణేనని, వాదులాడుకుంటూ తన వద్దకు వచ్చేవారిలో ఒకరు మరొకరికంటే మాటకారి కావచ్చని, విన్నదాన్ని బట్టి తాను తీర్పు ఇస్తానని ఆయన అన్నారు. ఆ తీర్పు వల్ల సోదరుడి హక్కు ఎవరికైనా దక్కితే దాన్ని తీసుకోవద్దని, అది అగ్నిఖండమని చెప్పారు. ప్రవక్త తీర్పే పరాయి సొమ్మును హలాల్ చేయలేనప్పుడు, వేలు పోసి కొనుక్కున్న వకీలు వాక్చాతుర్యం చేస్తుందా? ద్రోహుల పక్షాన వాదించవద్దని 'అన్ నిసా' సూరా 105వ ఆయత్‌లో వచ్చిన ఆదేశం వకీలుకూ కక్షిదారుకూ ఉమ్మడి హెచ్చరిక.

కోర్టుకు ముందు, కోర్టులో

అదే సూరా 35వ ఆయత్ భార్యాభర్తల మధ్య చీలిక వస్తుందని భయపడితే ఆయన వైపు నుంచి ఒకరిని, ఆమె వైపు నుంచి ఒకరిని మధ్యవర్తులుగా నియమించమంటుంది. ఖర్చు లేని ఈ మార్గాన్ని వదిలి నేరుగా కోర్టు మెట్లెక్కడం మన అలవాటైపోయింది. అయితే పెద్దమనుషుల పంచాయితీ స్త్రీ నోరు మూయించేదిగా, మహర్ వదులుకోమని ఒత్తిడి చేసేదిగా ఉంటే అది సంధి కాదు, జులుమ్. 'ఆడది కోర్టుకెళ్లడం పరువు తక్కువ' అని ఆపడం కూడా ధర్మం కాదు. హజ్రత్ ఖౌలా (రజి) తన భర్త విషయమై స్వయంగా ప్రవక్త (సఅసం)తో వాదించుకున్నారు. ఆమె మొర గురించే 'అల్ ముజాదిలా' సూరా అవతరించింది. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య తానే వచ్చి ఖులా కోరుకున్నారు. వారికి ఏ వకీలూ లేడు, ఏ ఫీజూ లేదు.

మన దేశపు చట్టంలోనూ ఈ స్ఫూర్తి కొంత కనిపిస్తుంది. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ప్రకారం ఆ కోర్టుల్లో వకీలును పెట్టుకోవడం హక్కు కాదు, కోర్టు అనుమతితోనే సాధ్యం. కక్షిదారులు నేరుగా తమ బాధ చెప్పుకోవాలని, ముందుగా రాజీకి ప్రయత్నం జరగాలని దాని ఉద్దేశం. 1987 నాటి న్యాయసేవా అధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. ఇందుకోసం జిల్లా న్యాయసేవా అధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వవచ్చు, 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. మధ్యంతర భరణంతోపాటు కేసు ఖర్చులు కూడా భర్త నుంచి కోరే వీలు 2001లో చేసిన సవరణతో వచ్చింది. ఈ వెసులుబాట్లు తెలియకనే ఎందరో అక్కచెల్లెళ్లు మెడలోని బంగారం తాకట్టు పెట్టి ఫీజులు కడుతున్నారు.

ఇక వకాల్తా మీద సంతకం చేసేముందు కొన్ని జాగ్రత్తలు అవసరం. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని 'అల్ బఖరా' సూరా 282వ ఆయత్ నేర్పుతోంది. ఆ పద్ధతినే ఇక్కడా పాటించి ఫీజు ఎంతో, ఏ దశకు ఎంతో కాగితం మీద రాయించుకోవాలి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు అడగాలి. నికాహ్‌నామా వంటి అసలు పత్రాలు కోర్టు కోరేవరకు ఇంట్లోనే ఉంచి నకళ్లు ఇవ్వాలి. కేసు నంబరు తెలుసుకుంటే ఈ-కోర్ట్స్ ద్వారా వాయిదా తేదీ మన ఫోనులోనే చూసుకోవచ్చు. ఫీజు బాకీ ఉందన్న కారణంతో వకీలు కేసు కాగితాలను ఆపుకోరాదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. నిజంగా మోసం జరిగితే 1961 నాటి న్యాయవాదుల చట్టం కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అడగడం అమర్యాద కాదు. అడిగితే కోపగించుకోని వకీలే అమానతును కాపాడే వకీలు.

న్యాయవాద వృత్తిలో ఉన్న మన యువకులకు ఒక మాట. మీ గదికి వచ్చే స్త్రీ డబ్బుతో పాటు తన ఇంటి గుట్టును, కన్నీటిని, బిడ్డల భవిష్యత్తును మీ బల్ల మీద పెడుతుంది. మీ కష్టానికి తగిన కూలిని తలెత్తుకుని తీసుకోండి. రాజీ కుదిరే వీలుంటే మీ ఆదాయం తగ్గినా సరే ఆ మాట ముందుగా చెప్పండి. ఇక్కడి వ్యాజ్యాలన్నీ ముగిశాక మరో న్యాయస్థానం ఉంది. అక్కడ వాయిదాలు లేవు, మన తరఫున మాట్లాడే వకీలూ ఉండడు. అల్లాహ్ మన సంపాదనను పరిశుద్ధం చేయుగాక, మన ఇళ్ల తగాదాలను సంధితో ముగించే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.