మొక్కు తీర్చాను, కానీ ఆ గెలుపు నాదేనా?

పోయిన వారం వీడియోలో మొక్కుల గురించి మాట్లాడుకున్నాం కదా. అది ఎడిట్ చేస్తుంటే నా మొక్కు ఒకటి గుర్తొచ్చింది. రెండు రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు. కెమెరా ముందు చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నా.

2019లో నేను బీటెక్ ఫైనల్ ఇయర్. చిన్నప్పటి నుంచీ విజయవాడలో కరాటే నేర్చుకున్నా. ఆ ఏడాది కౌలాలంపూర్‌లో ఒక ఓపెన్ చాంపియన్‌షిప్‌కి వెళ్లే అవకాశం వచ్చింది. నాకు స్పాన్సర్ ఎవరూ లేరు. ఫ్లైట్ టికెట్, ఎంట్రీ ఫీజు, రూమ్ అద్దె, అన్నీ ఇంట్లోంచే. అమ్మ తన గాజులు బ్యాంకులో తాకట్టు పెట్టింది. నేనేమో "పతకం వస్తే తలనీలాలు ఇస్తా స్వామీ" అని వెంకన్నకి మొక్కుకుని విమానం ఎక్కా.

క్వార్టర్ ఫైనల్లో నాతో తలపడింది ఒక ఇండోనేషియా కుర్రాడు. నాకన్నా చాలా ఫాస్ట్. ఇంకో ఇరవై సెకన్లు ఉందనగా అతనికి 3 పాయింట్లు, నాకు 1. కాకపోతే అప్పటికే అతనికి పెనాల్టీలు పడి, ఆఖరి హెచ్చరిక దాకా వచ్చేశాయి.

కరాటే చూడనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. కుమితేలో ముఖం మీదికి పంచ్ వేయొచ్చు, కానీ అది అదుపులో ఉండాలి. గట్టిగా తగిలితే పాయింట్ రాదు సరికదా, కొట్టినవాడికే శిక్ష. కింద పడినవాడు పది సెకన్లలోపు లేవకపోతే అతన్ని ఆట నుంచి తప్పిస్తారు. తగిలిన దెబ్బని ఎక్కువ చేసి చూపించినా తప్పే, దానికీ పెనాల్టీ ఉంది.

నేను ముందుకి దూకాను. అతని పంచ్ నా పెదవి మీద తగిలింది. రక్తం వచ్చింది, కింద పడ్డాను. ఇంతవరకూ అంతా నిజం. రిఫరీ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. "మూడు" దగ్గర నేను లేవగలను. ఆ సంగతి నాకు స్పష్టంగా తెలుసు. కానీ "ఏడు" వరకు లేవలేదు. నోటి మీద చెయ్యి పెట్టుకుని, కళ్లు మూసుకుని పడుకునే ఉన్నా.

లేచేసరికి అతన్ని డిస్‌క్వాలిఫై చేశారు. గెలుపు నాకిచ్చారు. అతను వంగి నమస్కారం చేశాడు, నేనూ చేశాను. అతని మొహంలోకి మాత్రం చూడలేకపోయా. సెమీస్‌లో ఓడిపోయాను. కానీ ఆ టోర్నమెంట్‌లో సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు. అలా పతకం వచ్చింది. నెల తిరక్కముందే తిరుమల వెళ్లి కల్యాణకట్టలో గుండు చేయించుకున్నా. అమ్మ ఆ పతకాన్ని పూజగదిలో స్వామి పటం పక్కనే పెట్టింది.

రెండేళ్ల తర్వాత, 2021 ఆగస్టు 7న, టోక్యో ఒలింపిక్స్ చూస్తున్నా. వేదిక నిప్పన్ బుడోకాన్. 75 కిలోల పైబడిన పురుషుల కుమితే ఫైనల్. సౌదీ అరేబియాకి చెందిన తారెగ్ హమేది 4-1తో ముందున్నాడు. గెలిస్తే వాళ్ల దేశానికి ఒలింపిక్స్‌లో మొట్టమొదటి స్వర్ణం. అప్పుడు అతను కొట్టిన కిక్ ఇరాన్‌కి చెందిన సజ్జాద్ గంజ్‌జాదే తలకి బలంగా తగిలింది. గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు, స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. అదుపు తప్పిన దెబ్బ కాబట్టి హమేదిని డిస్‌క్వాలిఫై చేశారు. స్పృహలో లేని మనిషికి స్వర్ణం వచ్చింది.

ఆఫీస్ గ్రూపులో అందరూ "ఇదేం న్యాయం?" అని వాదించుకుంటున్నారు. నేను ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు. నాకు కనిపించింది వేరే విషయం. గంజ్‌జాదే కింద పడి ఉన్నాడంటే, నిజంగానే లేవలేక. ఆ పతకం న్యాయమా కాదా అని మనం ఎంతైనా వాదించుకోవచ్చు, కానీ అతను చేసిన తప్పంటూ ఏమీ లేదు. మరి నేను? నేను పడి ఉండటం ఒక పని. కావాలని చేసిన పని.

ఫలం మన చేతిలో లేదని గీత చెప్పిందంటాం. ఓడిపోయినప్పుడు ధైర్యం తెచ్చుకోవడానికి ఆ మాట బాగా పనికొస్తుంది. కానీ గెలిచినప్పుడు దాని మొదటి సగం మర్చిపోతాం. కర్మ మన చేతిలోనే ఉంది. ఆ నాలుగు సెకన్లు నా చేతిలోనే ఉన్నాయి. వాటిని స్వామి ఖాతాలో వేసి, "నువ్వే గెలిపించావు" అని దణ్ణం పెట్టుకున్నా.

ధర్మరాజు అశ్వత్థామ విషయంలో ఏం చేశాడో మనందరికీ తెలుసు. పూర్తిగా అబద్ధం కూడా ఆడలేదు. ఏనుగు నిజంగానే చచ్చింది. నా పెదవి కూడా నిజంగానే చిట్లింది. "కృష్ణుడే చెప్పమన్నాడు కదా, ధర్మయుద్ధం కదా" అని మీరు అనొచ్చు. నిజమే. అయినా అప్పటిదాకా నేలకి నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన అతని రథం కిందికి దిగింది. చివర్లో స్వర్గానికి వెళ్లినా, ముందు నరకం చూడాల్సి వచ్చింది. ద్రోణుణ్ణి అలా మోసం చేసినందుకేనని ఇంద్రుడే చెప్పాడు. అంత పెద్ద కారణం ఉన్నవాడికే భారతం లెక్క మాఫీ చేయలేదు. నాది యుద్ధం కూడా కాదు, ఒక కాంస్య పతకం.

ఫ్రెండ్స్‌కి చెబితే "లైట్ తీస్కోరా, అందరూ చేసేదే" అన్నారు. అమ్మ గాజులు గుర్తొస్తే నాకూ అలాగే అనుకోవాలని ఉంటుంది. కానీ వాళ్లమ్మ కూడా ఏదైనా తాకట్టు పెట్టి ఉంటే? అతనూ వాళ్ల దేవుడికి ఏదో మొక్కుకుని వచ్చి ఉంటే?

పోయిన వారం వీడియో అయ్యాక అమ్మకి అంతా చెప్పేశా. తిడుతుందనుకున్నా. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే నీకన్నా ఆ అబ్బాయికే పెద్ద దెబ్బ తగిలింది కదా నాన్నా" అంది. లేచి వెళ్లి పతకాన్ని స్వామి పక్కనుంచి తీసి బీరువాలో పెట్టింది.

ఆ కుర్రాడి పేరు కూడా నాకు గుర్తులేదు. వెతికినా దొరకలేదు. తిరిగి ఇవ్వలేను. నా వల్ల అయ్యేది ఒక్కటే. ఆదివారాలు పిల్లలకి కరాటే నేర్పుతున్నాను కదా, వాళ్లకి ఈ కథ మొత్తం చెప్పాను, నా పేరుతో సహా. దెబ్బ తగిలి పడితే పడండి, లేవగలిగిన క్షణాన లేవండి అని చెప్పాను. ఒక పిల్లాడు "లేస్తే ఓడిపోతాం కదా సార్?" అని అడిగాడు. "అవును, ఓడిపోవచ్చు" అన్నా. అంతకన్నా అందమైన జవాబు నా దగ్గర లేదు.

ఈసారి తిరుమల వెళ్తే తలనీలాలు మళ్లీ ఇస్తా. ఈసారి మాత్రం ఏదో ఇచ్చినందుకు కాదు, క్షమించమని అడగడానికి. మీరు కూడా మొక్కు తీర్చే ముందు ఒక్క నిమిషం ఆగి చూసుకోండి. స్వామి ఇచ్చిందా, మనం తీసుకున్నదా?

ఓం నమో వేంకటేశాయ.