సిగ్గు దాచిన రోగం



మార్కు సువార్త ఐదవ అధ్యాయంలో ఒక స్త్రీ కనిపిస్తుంది. పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్నది. ఉన్నదంతా వైద్యులకు ధారపోసింది. ధర్మశాస్త్రం ప్రకారం ఆమె అశుద్ధురాలు. అందుకే జనంలో వెనుకనుండి వచ్చి, ఎవరికీ తెలియకుండా యేసుప్రభువు వస్త్రాన్ని తాకింది. ప్రభువు ఆగి ఆమెను ముందుకు రప్పించారు. అవమానించడానికి కాదు, కుమార్తె అని పిలవడానికి.

తార్నాకలో ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక ఒక యువకుడు నాకోసం ఆగినప్పుడు ఆ స్త్రీయే నాకు గుర్తుకు వచ్చింది. అతడు ఉస్మానియాలో ఎం.ఎస్సీ. విద్యార్థి. శిబిరంలో రక్తదానం చేస్తే, పరీక్షలో హెపటైటిస్ బి ఉన్నదని తేలింది. మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. హాస్టల్లో కంచం, గ్లాసు వేరు పెట్టుకున్నాడు. ఊరికి వెళ్లి కామెర్లకు పసరు తాగి వచ్చాడు. ఇంతలో ఇంట్లో పెళ్లి కుదిర్చారు. "ఫాదర్, ఇది నా పాపానికి శిక్షా?" అని అడిగాడు.

"ముందు డాక్టరుకు చూపించుకున్నావా?" అని నేనడిగాను. తల దించుకున్నాడు.

ఈ వైరస్ లైంగిక సంబంధం వల్ల సోకుతుంది. కలుషితమైన సూది, బ్లేడు వల్లనూ సోకుతుంది. కాన్పు సమయంలో తల్లినుండి బిడ్డకూ సోకుతుంది. ఎవరికెలా వచ్చిందో తీర్పు చెప్పడానికి మనమెవరం? కలిసి భోంచేస్తే, కరచాలనం చేస్తే ఇది రాదు. హెచ్.ఐ.వి. కూడా అంతే, దోమకాటువల్ల రాదు.

మన పెద్దలు వీటిని సుఖవ్యాధులన్నారు. పేరులో తప్ప వీటిలో సుఖమెక్కడ? పుండు, స్రావం, మంట కనిపించేది కొందరికే. ఏ లక్షణమూ లేనివారి నుండి కూడా ఇతరులకు సోకుతుంది. సిఫిలిస్, గనేరియా సరైన మందులతో నయమవుతాయి. అయితే భార్యాభర్తలిద్దరూ చికిత్స పొందాలి. హెచ్.ఐ.వి.ని పూర్తిగా పోగొట్టే మందు లేకున్నా, 2004 నుండి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న మందులు క్రమం తప్పక వాడేవారు నిండు జీవితం గడుపుతున్నారు.

దేహం పవిత్రాత్మకు ఆలయమని పునీత పౌలు బోధించారు. అందుకే శ్రీసభ పెళ్లికి ముందు నిగ్రహాన్ని, పెళ్లిలో విశ్వసనీయతను కోరుతుంది. కండోమ్ ప్రతిసారీ సరిగా వాడితే ముప్పు బాగా తగ్గుతుందని వైద్యులు చెబుతారు. ఆ సత్యాన్ని దాచడం ధర్మం కాదు.

హెపటైటిస్ బికి టీకా ఉన్నది. జన్యుసాంకేతిక పద్ధతిలో మన దేశంలో తయారైన తొలి హెపటైటిస్ బి టీకాను హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసింది. ఆ పరిశోధన మొదట ఉస్మానియా ప్రాంగణంలో, తర్వాత తార్నాక దాటగానే వచ్చే సి.సి.ఎం.బి.లో సాగింది. మన వీధిలో పుట్టిన రక్షణను సిగ్గుతో కాదనుకుంటామా? పుట్టిన 24 గంటల్లో శిశువుకు మొదటి మోతాదు వేయించండి. పెద్దలకు సాధారణంగా ఆరు నెలల్లో మూడు మోతాదులు.

ఆ యువకుడు కాలేయ వైద్యుణ్ణి కలిశాడు. తర్వాత, గుండె దిటవు చేసుకుని, పెళ్లికూతురికి విషయం చెప్పాడు. ఆమె ఒకరోజు మౌనంగా ఉండి, "టీకా ఎక్కడ వేస్తారు?" అని అడిగిందట. నిజం చెప్పడం వల్లనే ఆమెకు రక్షణ దొరికింది.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు భయపడకుండా చెప్పుకోగల ఇల్లు మీదై ఉండాలి. యువతీ యువకులారా, అనుమానముంటే ప్రభుత్వాసుపత్రిలోని సురక్ష క్లినిక్‌కు వెళ్లండి. 1097కు ఉచితంగా ఫోన్ చేయండి. వెనుకనుండి వచ్చిన ఆ స్త్రీని ప్రభువు గద్దించలేదు. మనం కూడా ఎవరినీ గద్దించక, చేయిపట్టి వైద్యుని వద్దకు నడిపిద్దాం.