కోటయ్య చూసుకుంటాడు, నిజమే

మా పల్నాట్లో శివరాత్రి ప్రభకు కరెంటు పని ఒప్పుకున్నవాడు ముందుగా వినే మాట “కోటయ్య చూసుకుంటాడులే”. చందాల దగ్గర ఈ మాట ఎవరి నోటా రాదు. డీజే బేరం దగ్గరా రాదు. ఎర్త్ వైరు, ఆర్‌సీసీబీ అని నేను నోరు తెరవగానే వస్తుంది. ఖర్చు మిగిలే చోటే మనవాళ్లకు భక్తి ముంచుకొస్తుంది.

నేను వైర్‌మన్‌ని. నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి, మా కోటయ్య అనే శివుడు కొలువున్న కోటప్పకొండ తిరునాళ్లకు పోయే ప్రభలకు లైటింగ్ కడతాను. కొండకు మొక్కున్నవాణ్ణే. అయినా ఆ మాట నాకు మింగుడుపడదు.

ప్రభ అంటే బండి మీద ఎనభై తొంభై అడుగుల ఎత్తు. లోపల కర్రలు, పైన గుడ్డ, రంగు కాగితం. దానికి వెయ్యి బల్బులు, ఒక్కోటి 9 వాట్లవి కడితే 9 కిలోవాట్లు. మూడు ఫేజులకూ సమంగా పంచితే ఫేజుకు 13 ఆంపియర్లు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు హాయిగా మోస్తుంది. లెక్క ఇంతవరకూ ఎవడైనా వేస్తాడు. చిక్కంతా బండి కదిలాక. గుంటల రోడ్డు మీద ప్రభ ఊగేకొద్దీ జాయింట్లు వదులవుతాయి. వదులైన చోట నిప్పురవ్వ, పక్కనే కాగితం. రాత్రి మంచుకు టేపు చుట్టిన అతుకులు నానతాయి. అందుకే అతుకు పెట్టాల్సి వస్తే పెట్టెలో పెడతాను, గుడ్డకు తగలనివ్వను. ఇక జనరేటర్ సంగతి. న్యూట్రల్‌ను జనరేటర్ బాడీకి, ఆ బాడీ నుంచి ఎర్త్ వైరును బండి ఇనుముకూ కలపాలి. ఇది చేయకుండా ఆర్‌సీసీబీ పెడితే టెస్ట్ బటన్ నొక్కినప్పుడు టక్కున పడుతుంది, చూసినవాళ్లు సంతోషిస్తారు. ఫేజు వైరు తెగి బండికి తగిలితే మాత్రం దానికి తెలియనే తెలియదు. తాడు పట్టుకున్న కుర్రాళ్లకేమో కాళ్లకు చెప్పులుండవు. 30 మిల్లీ ఆంపియర్లు దాటి కరెంటు దారి తప్పితే పడిపోయే ఆ చిన్న ఆర్‌సీసీబీ డబ్బా వాళ్ల కోసమే.

ప్రభ కమిటీలో ఒక పెద్దాయన, వరసకు బాబాయి, నాతో వాదానికి దిగాడు. “మా తాతల నుంచీ ప్రభ కడుతున్నాం. ఏనాడన్నా ఏమన్నా అయిందిరా? నీకు స్వామి మీద నమ్మకం లేక ఈ డబ్బాలు.”

“నీకు స్వామి కథ గుర్తుందా బాబాయ్?” అన్నాను.

పల్నాట్లో తెలియనివాళ్లుండరు. గొల్లభామ ఆనందవల్లి రోజూ కొండెక్కి పూజ చేసేది. గర్భంతో ఎక్కలేనంది. స్వామి కరిగిపోయి, నేనే నీ వెంట దిగివస్తాను, వెనక్కి మాత్రం చూడొద్దన్నాడు. దారిలో రాళ్లు పగిలే చప్పుడుకు ఆమె భయపడి వెనక్కి చూసింది. ఆయన అక్కడే ఆగిపోయాడు. చిన్నప్పుడు ఈ కథ వింటే నాకు స్వామి మీద కోపం వచ్చేది: అంత భక్తురాలికి ఒక్క చూపు మాఫీ చేయకూడదా? ఈ పనిలోకి వచ్చాక నాకు వేరేగా తోచింది. ఆయన ఆమెను వదల్లేదు, తనలో కలుపుకున్నాడు. కాని తాను పెట్టిన షరతు మాత్రం తప్పలేదు. ఆనందవల్లి కోసమైనా షరతు పక్కన పెట్టని దేవుడు, మా కమిటీ చందా మిగలడం కోసం కరెంటు స్వభావాన్ని మారుస్తాడా? ఆ స్వభావమూ ఆయన పెట్టిందేనని నమ్మేవాణ్ణి నేను.

బాబాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “మరి ప్రభ లాగేటప్పుడు ‘చేదుకో కోటయ్యా’ అని కేకలెందుకురా?” అన్నాడు. మంచి ప్రశ్న. గాలి విసురు, ఇరుసు విరగడం, జనం ఒక్కసారిగా తోసుకురావడం – ఇవి నా టెస్టర్‌కు అందవు. వాటికి నేనూ గొంతు చించుకుని కేకేస్తాను. ఒక స్క్రూ బిగించడానికి ఆయన్ను పిలవడం మాత్రం నాకు అపచారంగానే ఉంటుంది.

2022 ఏప్రిల్ 27న తంజావూరు దగ్గర కలిమేడులో రథం హైటెన్షన్ తీగకు తగిలి 11 మంది చనిపోయారు. వాళ్ల భక్తి మన భక్తికంటే తక్కువని ఎవరనగలరు? మన దగ్గర ప్రభ వచ్చే దారిలో కరెంటోళ్లు సప్లై ఆపి, తీగలు అడ్డమైన చోట దించుతారు. పైనున్న తీగల సంగతి వాళ్లు చూస్తారు. ప్రభ లోపలి తీగల సంగతి మనదే.

ఈ శివరాత్రికి మీ ఊరి ప్రభ తాడు పట్టుకునే ముందు వైర్‌మన్‌ను ఒక్క మాట అడగండి: “న్యూట్రల్ బాడీకి కలిపావా?” అతను నసిగితే కలిపేదాకా తాడు ముట్టుకోవద్దు, పిల్లల్ని ముట్టుకోనివ్వద్దు.