మార్కు ఎవరి సాక్ష్యం? ఆన్‌లైన్ సాహిత్య బోధనలో మూల్యాంకనం - ఒక నైతిక పరిశీలన

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించిన తరువాత తరగతులతోపాటు పరీక్షలు కూడా ఇళ్లకు చేరాయి. అత్యవసర ఏర్పాటుగా మొదలైన ఆన్‌లైన్ బోధన ఆ తరువాత ఉన్నత విద్యలో స్థిరమైన భాగమైంది. 2017లో ప్రారంభమైన ‘స్వయం’ వేదికలోని కోర్సుల ద్వారా విద్యార్థి 40 శాతం వరకు క్రెడిట్లు పొందే వీలును విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2021 నిబంధనలు కల్పించాయి. దూరవిద్య తెలుగువారికి కొత్తది కాదు. 1982లో హైదరాబాదులో ఏర్పడిన సార్వత్రిక విశ్వవిద్యాలయం దేశంలోనే మొదటిది. అయితే దూరవిద్యలో పాఠం ఇంట్లో చదివినా వార్షిక పరీక్షను కేంద్రానికి వెళ్లి రాసేవారు. పరీక్ష కూడా ఇంటికే వచ్చినప్పుడు అధ్యాపకులను ఒక సందేహం వెంటాడసాగింది: ఈ జవాబు ఈ విద్యార్థిదేనా?

ఈ సందేహాన్ని సాంకేతికంగా తీర్చే ప్రయత్నాలు చాలా జరిగాయి. దాని నైతిక స్వరూపంపై చర్చ మాత్రం తక్కువ. మార్కు అంటే ఏమిటి? అది వేసేవారిపై ఎటువంటి బాధ్యత మోపుతుంది? ఈ రెండు ప్రశ్నలను తెలుగు సాహిత్య బోధనకు పరిమితమై పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మార్కు - ఆప్తవాక్యం

న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను అంగీకరించింది. ఆప్తుని ఉపదేశమే శబ్దప్రమాణం. ఆప్తుడు ఎవరన్నదానికి వాత్స్యాయన భాష్యం చెప్పిన లక్షణాల్లో రెండు ఇక్కడ ముఖ్యమైనవి. అతడు విషయాన్ని స్వయంగా సాక్షాత్కరించుకొని ఉండాలి. తాను ఎరిగినదాన్ని ఎరిగినట్లే తెలియజేయాలన్న కోరిక అతనికి ఉండాలి. ఈ లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమేనని కూడా భాష్యం స్పష్టం చేసింది. అంటే ఆప్తత్వం పుట్టుక వల్లగానీ పదవి వల్లగానీ సిద్ధించేది కాదు.

మార్కును ఈ దృష్టితో చూస్తే అది ఒక వాక్యం. ‘ఈ విద్యార్థి ఈ పాఠాన్ని ఇంతమేరకు చదవగలడు’ అని, అతణ్ణి ఎన్నడూ చూడని వారికి అధ్యాపకుడు చెప్పే మాట అది. ఉద్యోగమిచ్చేవారు, మరో విశ్వవిద్యాలయంలో ప్రవేశమిచ్చేవారు దాన్ని నమ్మి నిర్ణయాలు తీసుకుంటారు. విద్యార్థి కూడా తన శక్తి ఎంతో తెలుసుకోవడానికి దానిమీదే ఆధారపడతాడు. అధ్యాపకుడు విద్యార్థి అభ్యసనాన్ని స్వయంగా ఎరగకుండా మార్కు వేస్తే, ఆ అంకె ఎంత నిక్కచ్చిగా కనిపించినా ఆప్తవాక్యం కాలేదు.

గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం, వెంకటేశం ఇంగ్లీషు రాని ఇంటివారి ముందు ఇంగ్లీషు మాట్లాడి చూపిస్తారు. వెంకటేశం పరీక్ష తప్పిన సంగతి ప్రేక్షకులకు మొదటి అంకంలోనే తెలుసు. విన్నవారికి ధ్వని అందింది, అర్థాన్ని పరీక్షించే సాధనం వారి దగ్గర లేదు. పరీక్షించేవారికి ఎరిగే మార్గం లేనిచోట ప్రదర్శనే పాండిత్యంగా చెల్లిపోతుందన్నది ఆ హాస్యంలోని గంభీరమైన విషయం. ఆన్‌లైన్ మూల్యాంకనంలో అధ్యాపకుడు ఆ ఇంటివారి స్థితిలో పడే ప్రమాదం ఉంది.

నిఘా నిరూపించేదేమిటి?

ఈ ప్రమాదానికి సంస్థలు వెతికిన విరుగుడు నిఘా. కెమెరా ముందు కూర్చోబెట్టి, తెరనుంచి చూపు మరలినా, గదిలో మరో గొంతు వినిపించినా అనుమానాస్పదంగా నమోదు చేసే సాఫ్ట్‌వేర్లు వాడుకలోకి వచ్చాయి. పద్యపాదం జ్ఞాపకం చేసుకుంటున్నవారు పైకప్పు వైపు చూడటం సహజం. ఒకే గదిలో కుటుంబమంతా ఉండే ఇంట్లో మరో గొంతు వినిపించకుండా ఉండదు. అందువల్ల నిఘా భారం అందరిమీదా సమానంగా పడదు. ప్రత్యేకమైన గది ఉన్నవారు నిర్దోషులుగానూ, లేనివారు అనుమానితులుగానూ కనిపిస్తారు. ఇంటి లోపలి లేమిని అపరిచితులకు చూపవలసి రావడం విద్యార్థి గౌరవానికి సంబంధించిన విషయం.

నిఘాను సమర్థించే వాదంలో బలం లేకపోలేదు. చూచిరాతను పట్టించుకోకపోతే నిజాయితీగా రాసినవారికి అన్యాయం జరుగుతుంది. ఈ మాట కాదనలేనిది. కానీ నిఘా పూర్తిగా సఫలమైనా నిరూపించగలిగేది ఒక అభావాన్ని మాత్రమే, అంటే మోసం జరగలేదని. అభ్యసనం జరిగిందన్న భావరూప జ్ఞానం దానివల్ల కలగదు. ఆప్తవాక్యానికి కావలసింది ఈ రెండోది.

ప్రశ్న బాధ్యత

‘ప్రబంధ లక్షణాలను వివరించండి’ అన్న ప్రశ్నను తీసుకుందాం. దీని జవాబు గైడులో ఉంది, అంతర్జాలంలో ఉంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైన తరువాత క్షణాల్లో రాసిపెట్టే యంత్రమూ వచ్చింది. ఈ ప్రశ్న అడిగేది సమాచారాన్ని. సమాచారం ఎవరు అందించినా ఒకటే కాబట్టి, జవాబు ఎవరిదన్న సందేహానికి బీజం ప్రశ్నలోనే ఉంది. పరీక్ష కేంద్రంలోని నిశ్శబ్దం ఇన్నాళ్లూ ఈ లోపాన్ని కప్పిపుచ్చింది.

దీనికి భిన్నంగా ‘మనుచరిత్ర’లో వరూధిని ప్రవరునితో చేసిన వాదాన్ని తీసుకోవచ్చు. యజ్ఞాదుల ఫలంగా కోరుకునే స్వర్గసుఖం ఇక్కడే చేతికందుతుండగా కాదనడమెందుకన్నది ఆమె తర్కం. ‘వరూధిని వాదంలో మీకు బలంగా తోచిన అంశం ఏది? ప్రవరుడు దానికి సమాధానం చెప్పాడా, తప్పించుకున్నాడా? పద్యాల ఆధారంగా నిర్ణయించండి’ అని అడిగితే విద్యార్థి ఒక పక్షం వహించాలి. యంత్రం దీనికీ ఏదో ఒకటి రాయగలదు. అందుకే రాతతో ఆగకుండా, ‘మీరు ఎంచుకున్న పద్యంలో ఈ మాటను తీసేస్తే మీ వాదం నిలుస్తుందా?’ అని పది నిమిషాల సంభాషణలో అడగాలి. చదివినవారు తడబడినా ఆలోచిస్తారు. ఆ ఆలోచన అధ్యాపకునికి ప్రత్యక్షమవుతుంది.

అవధాన సభ ఇచ్చే సూచన

ఈ పద్ధతికి మన సాహిత్య సంప్రదాయంలోనే దగ్గరి పోలిక ఉంది. అష్టావధానంలో నిషిద్ధాక్షరి నిర్వహించే పృచ్ఛకుడు ప్రశ్నను ముందే సిద్ధం చేసుకొని వచ్చి అప్పగించి ఊరుకోడు. అవధాని ఒక అక్షరం చెప్పగానే ఆ పద్యం ఎటు నడవబోతుందో ఊహించి తరువాతి అక్షరాన్ని నిషేధిస్తాడు. ప్రశ్న జవాబులోంచి పుడుతుంది. పృచ్ఛకునికీ ఛందస్సు, వ్యాకరణం, నిఘంటు జ్ఞానం ఉండాలి, ఆయన పాండిత్యమూ సభలో తేలుతుంది.

ఈ పోలికకు పరిమితులున్నాయి. అవధానంలో ఒక్కరిని ఎనిమిదిమంది పరీక్షిస్తారు, ఆన్‌లైన్ తరగతిలో వందమందిని ఒక్కరే పరీక్షించాలి. అవధానం ఆరితేరినవారి విద్యాప్రదర్శన, విద్యార్థి ఇంకా నేర్చుకుంటున్నవాడు. మనం గ్రహించవలసింది ప్రశ్నించేవారి అవధానాన్ని మాత్రమే. జవాబును శ్రద్ధగా వినకుండా తరువాతి ప్రశ్న అడగలేని స్థితిని పృచ్ఛకుడు తనకు తానే కల్పించుకుంటాడు. మూల్యాంకనానికి నైతిక బలం ఇచ్చేది ఆ స్థితే.

దూరమే వనరు

విద్యార్థులు వేర్వేరు చోట్ల ఉండటాన్ని ఆన్‌లైన్ బోధనకు లోపంగానే లెక్కిస్తున్నాం. సాహిత్య, భాషా పరిశోధనలకు అది వనరు కూడా. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. జిల్లాజిల్లాలో రైతులనుంచి పదాలు సేకరించడం వల్ల అది సాధ్యమైంది. ఇవాళ ఒకే కోర్సులో శ్రీకాకుళం, ఆదిలాబాదు, అనంతపురం జిల్లాల విద్యార్థులు ఉండవచ్చు. ‘మీ ఊళ్లో వ్యవసాయం చేసే ఒకరినుంచి ఇరవై పదాలు సేకరించి, కోశంలోని రూపాలతో పోల్చి, మారినవాటికి, కనుమరుగైనవాటికి కారణాలు ఊహించండి’ అన్న పనికి రెండు ఊళ్లనుంచి ఒకే జవాబు రాదు. తెలుగు టైపింగ్ రానివారు, ఫోను మాత్రమే ఉన్నవారు ధ్వనిముద్రణ రూపంలో సమర్పించవచ్చు. ఇటువంటి పనిలో విద్యార్థి ఇల్లూ ఊరూ అనుమానించదగిన స్థలాలుగా కాక జ్ఞానస్థానాలుగా మారుతాయి.

రెండు ఆక్షేపాలు

అందరికీ ఒకే ప్రశ్న ఇవ్వకపోతే సమానత్వం ఎక్కడన్నది మొదటి ఆక్షేపం. ఒకే ప్రశ్న సమానత్వానికి ఒక రూపం, ఒకే కొలమానం మరో రూపం. పాఠాధారం, తర్కం, భిన్నాభిప్రాయాన్ని ఎదుర్కొన్న తీరు వంటి అంశాలకు ఎన్నెన్ని మార్కులో కోర్సు ఆరంభంలోనే ప్రకటించి, మౌఖిక సంభాషణను నమోదు చేసి, పునఃపరిశీలనకు అవకాశమిస్తే అధ్యాపకుల ఇష్టాయిష్టాలకు కళ్లెం పడుతుంది. మౌఖిక పరీక్షలో కులం, ప్రాంతం, యాస పట్ల పక్షపాతం చొరబడే ప్రమాదం నిజమైనది కాబట్టి ఈ జాగ్రత్తలు తప్పనిసరి.

రెండో ఆక్షేపం శ్రమకు సంబంధించినది. వందమందితో పదేసి నిమిషాలు మాట్లాడితే దాదాపు పదిహేడు గంటలవుతుంది. అధ్యాపక ఖాళీలు, అతిథి అధ్యాపకుల మీద మోపే పని దృష్ట్యా ఇది చిన్న కోరిక కాదు. అయితే వందమంది మూడు గంటల పరీక్షలో రాసిన పత్రాలు దిద్దడానికీ గంటలు పడతాయి. వాటిని తగ్గించి ఈ పనికి మళ్లించవచ్చు. అదీ సాధ్యం కానంత పెద్ద తరగతుల్లో, తాను ఎరగనిదాన్ని ఎరిగినట్లు సంతకం చేయమని సంస్థ అధ్యాపకుణ్ణి కోరుతున్నదన్నమాట. విద్యార్థుల సంఖ్యకు పరిమితి అడగడం అప్పుడు సౌకర్యం కోసం చేసే విన్నపం కాదు, సత్యనిష్ఠకు సంబంధించిన హక్కు.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మార్కు అధ్యాపకుడు ఇచ్చే సాక్ష్యం కాబట్టి విద్యార్థి అభ్యసనాన్ని ప్రత్యక్షంగా ఎరగడం అతని ధర్మం. నిఘా ఆ ఎరుకకు ప్రత్యామ్నాయం కాజాలదు. ప్రశ్నను విద్యార్థి పఠనంలోంచి, అతడున్న చోటులోంచి, అతని జవాబులోంచి రూపొందించినప్పుడు ఆ ఎరుక చాలామేరకు సాధ్యమవుతుంది. విద్యార్థి నిజాయితీని కోరే ముందు, ‘ఈ జవాబును నేను నిజంగా చదువుతానా?’ అని ప్రశ్నపత్రం తయారుచేసేవారు తమను తాము అడగవలసి ఉంటుంది. చదవని జవాబుకు వేసిన మార్కూ, చదవకుండా రాసిన జవాబూ ఒకే కోవకు చెందుతాయి.