చంపాలనుకోలేదు, నిజమే

తెలియక చేసినదానికి పాపం అంటుతుందా? పురాణ కాలక్షేపాల్లో ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. మనసులో చంపాలని లేకపోతే పాపం లేదు, పోయినవాడి ఖర్మ అలా ఉంది అని తేల్చేస్తారు చాలామంది. హవల్దారుగా రిటైరై, ఇప్పుడు బ్యాంకు గుమ్మం దగ్గర పన్నెండు బోరు డబుల్ బ్యారెల్‌తో కాపలా కాసే నాకు ఆ తీర్పు మింగుడుపడదు.

వాల్మీకి రామాయణంలో, రాముడు అడవికి వెళ్లిన ఆరో రాత్రి దశరథుడు కౌసల్యకు తన పాత సంగతి చెబుతాడు. వానాకాలం, సరయూ తీరం, చీకటి. కుండ మునిగే బుడబుడ విని ఏనుగనుకుని బాణం వేశాడు. అది గుడ్డి తల్లిదండ్రులకు నీళ్లు ముంచుకుంటున్న ముని కుమారుడికి తగిలింది. మనం శ్రవణకుమారుడని చెప్పుకునేది ఆ పిల్లవాణ్ణే. తెలియక చేశావు గనుక బతికావు, తెలిసి చేస్తే నీ వంశమే మిగిలేది కాదంటాడు తండ్రి. అంటూనే, నువ్వూ పుత్రశోకంతోనే పోతావని శపిస్తాడు. ఉద్దేశం లేకపోవడం శిక్షను తగ్గించిందే గాని మాఫీ చేయలేదు. మన చట్టం తీరూ అదే. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పాత శిక్షాస్మృతి 304-ఎ కింద రెండేళ్ల వరకు జైలు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహిత 106వ సెక్షన్ దాన్ని ఐదేళ్ల దాకా పెంచింది.

ఇంతకీ దశరథుడి తప్పేమిటి? చీకట్లో ఎవరైనా పొరబడతారు. ఏనుగో కాదో చూడకుండా బాణం వదలడం తప్పు. చప్పుణ్ణిబట్టి కొట్టగలడన్న పేరుంది ఆయనకు. ఆ పేరే చూడాలన్న ఆలోచన రానివ్వలేదు. ఇవాళ్టికీ నాటు తుపాకీతో వేటకెళ్లినవాడు అడవిపంది అనుకుని తోటివాణ్ణి కాల్చాడని పేపర్లో చదువుతుంటాం. వాడు చూసింది పొద కదలడమే, పందిని కాదు.

పొద్దున తుపాకీ చేతికి రాగానే దాని మూతిని మనుషులు లేని వైపు నేలకేసి తిప్పుతాను. వేలు ట్రిగ్గర్ జోలికి పోకుండా గార్డు బయటే చాచి ఉంచుతాను. లివర్ తోసి గొట్టాలు వంచితే తూటా గదులు రెండూ కనబడతాయి. కంటితో చూసి, వేలుపెట్టి తడుముతాను. ఎవరి చేతికైనా ఇవ్వాలంటే వంచే ఇస్తాను.

“బాబాయ్, నిన్న సాయంత్రం మీరే కదా ఖాళీ చేసింది?” అని నవ్వుతాడు క్యాషియర్ కుర్రాడు.

“ఖాళీ అనుకున్న తుపాకీతోనే బాబూ ఎక్కువ భయం,” అంటాను.

ఏమరుపాటుతో ప్రాణం తీయడాన్నే జైనుల తత్త్వార్థ సూత్రం హింసగా నిర్వచించింది. ఆయుధం పట్టినవాడికి ఇంతకంటే సూటిగా చెప్పిన శాస్త్రం నేనెరగను. మనసులో దయ ఉన్నంత మాత్రాన గొట్టంలో మిగిలిపోయిన తూటా ఆగదు. గుండు దూసుకుపోయాక విధి అనుకోవచ్చు. అంతకుముందు మూతి ఎటు తిప్పాలి, వేలు ఎక్కడ ఉంచాలి అన్నవి నా చేతిలో పనులే. వాటిని రోజూ చేయడమే నాకు చేతనైన అహింస.