అతిథికీ బాధ్యత ఉంది

 

ఏప్రిల్ నెలాఖరుకు మన రాష్ట్రంలో బడులు మూస్తారు. మళ్ళీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. హైదరాబాదు, విజయవాడ, రాజమండ్రి వంటి పట్టణాల్లో ఉన్న బంధువులు పిల్లల్ని వెంటబెట్టుకుని సముద్రపు ఒడ్డున ఉన్న తమవాళ్ళ ఇళ్ళకు బయలుదేరేది ఈ రోజుల్లోనే. కాకినాడ దగ్గరి ఉప్పాడ అలాంటి ఊరే. సముద్రం ఉంది, చేప ఉంది, జాందానీ చీర ఉంది. చుట్టాలకు ఇంకేం కావాలి?

అయితే చాలామంది చుట్టాలకు తట్టని విషయం ఒకటుంది. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లు, మోటారు పడవలు వేటకు వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక పెట్టిన ఈ కట్టడి మంచిదే. కానీ ఆ రెండు నెలలూ ఒడ్డున పడవలు వరుసగా లాగి ఉంటాయి. వేట ఆగితే వలలాగే కూలీకి ఒక్కడికే కాదు, ఐసు అమ్మేవాడికి, ఆటో తోలేవాడికి, చిన్న దుకాణం పెట్టుకున్నవాడికి కూడా చేతిలో డబ్బు ఆడదు. 2025లో ప్రభుత్వం మత్స్యకారులకిచ్చే నిషేధకాలపు భృతిని 10 వేల నుండి 20 వేల రూపాయలకు పెంచింది. అది వాళ్ళ రెండు నెలల తిండికి. దాని చుట్టూ బ్రతికే ఐసువాడికి, ఆటోవాడికి ఆ భృతి లేదు. పట్నంవాళ్ళకు సెలవులు దొరికే రోజులే ఈ ఊరివాళ్ళకు చేతులు ఖాళీ అయ్యే రోజులు.

ఆ ప్రాంతపు సోదరుడొకరు మమ్మల్ని ఒక మసలా అడిగారు. ఫూపు వాళ్ళు, ఖాలా వాళ్ళు కలిసి తొమ్మిదిమంది వస్తున్నారట, పది రోజులు ఉంటారట. ఇంట్లో డబ్బు లేదు. చిన్నమ్మాయి చెవిదుద్దులు వడ్డీకి తాకట్టు పెట్టి మర్యాద చేయవచ్చా, అతిథి సేవ పుణ్యం కనుక అల్లాహ్ మన్నిస్తాడా అని ఆయన ప్రశ్న. ఇది ఆ ఒక్క ఇంటి ప్రశ్న కాదని మాకు తెలుసు. అందుకే కాస్త వివరంగా వ్రాస్తున్నాము.

అతిథిని గౌరవించటం విశ్వాసంలో భాగం. అల్లాహ్ నూ, అంతిమ దినాన్నీ విశ్వసించేవాడు తన అతిథిని ఆదరించాలని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. హజ్రత్ ఇబ్రాహీం (అలై) ముక్కూ మొహం తెలియని వచ్చినవారి కోసం చడీచప్పుడు లేకుండా ఇంట్లోకి వెళ్ళి, వేయించిన దూడను తెచ్చి వారి ముందుంచిన వృత్తాంతం దివ్యఖుర్ఆన్ లో ఉంది. ఇక వచ్చినవారు రక్తసంబంధీకులైతే బంధుత్వపు హక్కు కూడా తోడవుతుంది. ఇవన్నీ మన ఖుత్బాల్లో తరచు వినేవే. వాటిని ఇక్కడ పొడిగించము.

మనం తక్కువగా వినేది అదే అధ్యాయంలోని రెండో సగం. హజ్రత్ అబూ షురైహ్ (రజి) ఉల్లేఖనంలో దైవప్రవక్త (స) ఆతిథ్యానికి హద్దు కూడా చెప్పారు. ఒక పగలు, ఒక రాత్రి ప్రత్యేక మర్యాద. ఆతిథ్యం మూడు దినాలు. ఆ తర్వాత పెట్టేది దానం క్రింద లెక్క. అంతటితో ఆగలేదు. ఇంటివాణ్ణి పాపంలో పడేసేటంత వరకు అతని దగ్గర ఉండిపోవటం ముస్లింకు ధర్మసమ్మతం కాదన్నారు. అదెలా అని సహాబాలు అడిగితే, పెట్టడానికి ఏమీ లేనివాడి ఇంట్లో తిష్ఠవేయటమేనని వివరించారు. సహీహ్ ముస్లింలో ఉన్న హదీసు ఇది. పాపంలో పడేసేది ఎవరు? అతిథి! ఈ మాట మన సెలవుల లెక్కల్లోకి ఎప్పుడైనా వచ్చిందా?

ఇక ఆ సోదరుని ప్రశ్నకు జవాబు. వడ్డీకి తెచ్చి విందు చేయటం ధర్మసమ్మతం కాదు. వడ్డీ తినేవాణ్ణీ, ఇచ్చేవాణ్ణీ, పత్రం వ్రాసేవాణ్ణీ, సాక్షులనూ అందరినీ ఒకే గాటన కట్టి దైవప్రవక్త (స) శపించారు. అతిథి సేవ అనే సున్నత్ కోసం హరాంను నెత్తిన వేసుకోవటం, ఒళ్ళు కడుక్కోవడానికి మురుగునీళ్ళు తోడుకోవటం లాంటిది. వడ్డీలేని బదులు దొరికి, తీర్చగలననే నమ్మకం ఉంటే తీసుకోవచ్చు, కానీ అదీ విధి కాదు. మొదటి రోజు ఉన్నంతలో కాస్త ప్రత్యేకంగా, మిగిలిన రెండు రోజులు ఇంట్లో పిల్లలు తినేదే పెట్టాలని ఉలమా ఈ హదీసుకు అర్థం చెప్పారు. పప్పుచారు, ఎండుచేప పెట్టినా ఆతిథ్యపు హక్కు తీరినట్లే.

(ఒక మాట. ఈ మూడు దినాల లెక్కను తల్లిదండ్రుల మీద ప్రయోగించేవారు కూడా కనబడతారు. తల్లిదండ్రులు అతిథులు కారు. అవసరంలో ఉన్న తల్లిదండ్రుల పోషణ సంతానం మీద విధి.)

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఇంటికి ఇద్దరు అతిథులు వచ్చారు. ఆయన రొట్టె, ఉప్పు పెట్టి, లేనిదానికోసం ప్రయాసపడటాన్ని దైవప్రవక్త (స) వారించి ఉండకపోతే మీకోసం ఇంకా ప్రయాసపడేవాణ్ణని చెప్పారు. వారిలో ఒకరు ఉప్పులోకి కాస్త సువాసన ఆకు ఉంటే బాగుండునన్నారు. సల్మాన్ (రజి) మారు పలకలేదు. వుజూ నీళ్ళ పాత్రను దుకాణంలో తాకట్టు పెట్టి ఆకు తెప్పించారు. భోజనమయ్యాక ఆ అతిథి, ఇచ్చినదానితో తృప్తిపడేలా చేసిన అల్లాహ్ కు స్తోత్రం పలికారు. నువ్వు నిజంగా తృప్తిపడి ఉంటే నా పాత్ర తాకట్టులో ఉండేది కాదు కదా అన్నారు సల్మాన్ (రజి). ఈ ఉల్లేఖనాన్ని హాకిం తమ గ్రంథంలో నమోదు చేశారు.

ఒక్క ఆకు! మనవాళ్ళు ఉప్పాడలో దిగి అడిగేవి గుర్తుచేసుకోండి. చందువా లేదా, కోనాం లేదా, పెద్ద రొయ్యలు లేవా అంటారు. నిషేధకాలంలో మోటారు లేని చిన్న తెప్పల మీద వచ్చిందే చేప. దాని ధర వండేవాళ్ళకు తెలుసు, తినేవాళ్ళకు తెలియదు. తర్వాత చీర. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం దగ్గర ఇద్దరు మనుషులు రోజుల తరబడి కూర్చుని బుటా బుటాకు చేత్తో దారం ఎక్కిస్తే తయారయ్యే చీర అది. ఊళ్ళో చుట్టాలున్నారు కనుక సగం ధరకు ఇప్పించమని, లేదా అరువు పెట్టించమని ఇంటివాణ్ణి నేతగాడి గుమ్మం ముందు నిలబెట్టటం ఏ మర్యాద? చుట్టాలు వెళ్ళిపోతారు. అరువు ఇంటివాడి పేరున మిగిలిపోతుంది.

హజ్రత్ జైనబ్ (రజి) వివాహ విందులో కొందరు తిన్నాక కూడా కబుర్లలో పడి కూర్చున్నారు. దైవప్రవక్త (స) లేచి బయటికి వెళ్ళి వచ్చినా కదల్లేదు. వెళ్ళమనటానికి ఆయన మొహమాటపడ్డారు. అప్పుడు అహ్ జాబ్ సూరాలోని 53వ ఆయత్ అవతరించింది. ప్రవక్త సిగ్గుపడి చెప్పలేకపోయినదాన్ని అల్లాహ్ స్వయంగా చెప్పాడు. మన ఇళ్ళల్లో అలా మొహమాటపడేది ఇంటివాడైతే, అతని మొహం చదవవలసిన బాధ్యత అతిథిది.

ఇంటివాడు ఏం చెప్పాలి? బనీ ఇస్రాయీల్ సూరాలో బంధువుల హక్కు ఇవ్వమన్న చోటనే అల్లాహ్, ఇవ్వడానికి లేనప్పుడు వారితో మృదువుగా మాట్లాడమని నేర్పాడు. చెయ్యి మెడకు కట్టేసుకోవద్దన్నాడు, పూర్తిగా చాచి నిస్సహాయుడిగా కూలబడవద్దనీ అన్నాడు. “ఆపా, ఇప్పుడు వేట లేదు, చెయ్యి కాస్త బిగువుగా ఉంది. మీరు రండి, ఉన్నది కలిసి తిందాం” అని ముందుగా ఒక ఫోను చేస్తే పరువు పోదు. ఆ మాటకు అలిగి రాకుండా మానుకునే బంధువు విందు కోసం వచ్చేవాడే తప్ప బంధుత్వం కోసం వచ్చేవాడు కాదు.

అన్నిటికంటే మమ్మల్ని బాధించేది వంటగది సంగతి. పది రోజుల సెలవులు ఎవరికి సెలవులు? తెల్లవారుజామున టీతో మొదలై అర్ధరాత్రి గిన్నెలతో ముగిసే ఆ ఇల్లాలికి కాదు. హజ్రత్ సల్మాన్ (రజి) తన ధర్మసోదరుడు అబూ దర్దా (రజి) ఇంటికి వెళ్ళినప్పుడు మొదట గమనించింది భోజనాన్ని కాదు, ఆ ఇంటి ఇల్లాలు మాసిన దుస్తుల్లో ఉండటాన్ని. కారణం అడిగారు. నీ ప్రభువుకూ, నీ దేహానికీ, నీ ఇంటివారికీ నీపై హక్కులున్నాయని సోదరునికి గుర్తుచేశారు. దైవప్రవక్త (స) సల్మాన్ మాటను నిజమన్నారు. అతిథి అంటే అలా ఉండాలి. వచ్చిన ఆడవాళ్ళు కూరగాయలు తరగాలి, మగవాళ్ళు నీళ్ళు మోయాలి. ఇంటి పనుల్లో ప్రవక్త (స) చెయ్యి వేసేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు కదా!

ఉప్పాడలో ఇల్లంటే ఎంత స్థలం? సముద్రం కోతకు ఎన్నో ఇళ్ళు పోయిన ఊరది. 2025 అక్టోబరులో మొంథా తుఫాను అలలకు కాకినాడ వెళ్ళే బీచ్ రోడ్డు కూడా దెబ్బతింది. ఉన్న రెండు గదుల్లో పదిహేనుమంది సర్దుకుంటే పరదా ఏమవుతుంది? మరిది, బావ, వదిన, మామూ కొడుకు అంతా ఒకే చోట నిద్రించటం చూసి మౌనంగా ఉండటం తగదు. భర్త తరఫు మగబంధువుతో ఏకాంతం చావు వంటిదని హదీసులో హెచ్చరిక వచ్చింది. ఆడవాళ్ళకొక గది, మగవాళ్ళకు వరండా లేదా డాబా అని మొదటి రోజే విడదీయండి. చోటు చాలకపోతే వంతులవారీగా రమ్మనండి.

48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లు దాటి వచ్చి, 15 రోజులకు తక్కువ ఉండే సంకల్పం గలవారు హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం ముసాఫిర్లే. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజ్ రెండే చేయాలి. స్థానిక ఇమాం వెనుక మాత్రం నాలుగూ పూర్తి చేయాలి. అత్తవారింట స్థిరపడి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుకూ ఇదే నియమం.

పిల్లల గురించి ఒక హెచ్చరిక. ఉప్పాడ ఒడ్డున కోత ఆపటానికి వేసిన రాళ్ళు నాచుపట్టి జారుతాయి, లోతు ఒక్కసారిగా పెరుగుతుంది. ఊరి పిల్లలకు తెలిసిన అలలు పట్నం పిల్లలకు తెలియవు. ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానత్. పెద్దవాళ్ళు లేకుండా నీళ్ళ దగ్గరికి పంపవద్దు.

2025లో బక్రీద్ జూన్ 7న, నిషేధం ముగియకముందే వచ్చింది. చాంద్రమాన సంవత్సరం ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది కనుక మరికొన్నేళ్ళు ఈ పండుగ వేట లేని రోజుల్లోనే పడుతుంది. నిసాబ్ లేనివాడిపై ఖుర్బానీ వాజిబ్ కాదు, చుట్టాల ముందు పరువు కోసం అప్పుచేసి పొట్టేలు కొనటం అసలే అవసరం లేదు. మాంసం దొరికిన ఇల్లు మాత్రం ప్రక్కింటిని మరచిపోకూడదు. కూర వండితే నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూ జర్ (రజి)కు నేర్పారు. మన మసాలా వాసన గోడ దాటి వెళ్ళే ఆ ఇంటి మనిషి ముస్లిం కాకపోవచ్చు. కానీ అతని పడవ ఒడ్డున లాగి ఉంది, పొయ్యి మీద గంజి ఉంది. చుట్టాలకు వడ్డించక ముందే ఒక గిన్నె అక్కడికి వెళ్ళాలి, చుట్టాల పిల్లల చేతుల మీదుగా వెళితే ఇంకా మంచిది.